మా పార్కులో 64 చెట్లు, అందులో 45 రెండే రకాలు. కొత్తగా 20 గుంతలు తవ్వుతున్నారు, ఏం నాటమందాం?

నీలిమ_ఎంవీపీ
మాది విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీ. ఇంటి వెనకే అర ఎకరం పార్కు ఉంది. వేసవి సెలవుల్లో మా అమ్మాయికి బడిలో ‘మీ చుట్టూ ఉన్న చెట్లు’ అని పని ఇచ్చారు. ఇద్దరం నోటుబుక్కు పట్టుకుని పార్కులో ఒక్కో చెట్టూ లెక్కపెట్టాం. మొత్తం 64. పదేళ్లుగా రోజూ నడిచే చోటు, ఎన్నో రకాలు ఉంటాయనుకున్నాను. తీరా చూస్తే 31 ఏడాకుల పాల, 14 కోనోకార్పస్. మిగిలిన 19లో అశోక ఐదు, వేప నాలుగు, బాదం మూడు, కానుగ రెండు. రావి, నేరేడు, విరిగి, దేవగన్నేరు ఒక్కొక్కటి. ఇంకొకటి ఏ చెట్టో మాకు తెలియలేదు.

ఇప్పుడు వానలు మొదలయ్యాయని ఇంకో 20 గుంతలు తవ్వుతున్నారు. పని చేయించే ఆయన్ని అడిగితే "మళ్లీ అవేనమ్మా, తొందరగా పెరుగుతాయి, పశువులు ముట్టవు" అన్నారు. నాకు మనసొప్పలేదు. కాలనీ సంఘంలో చెప్తే "అయితే మీరే జాబితా రాసుకురండి, వచ్చే ఆదివారం కూర్చుందాం" అన్నారు. నేను కంప్యూటర్ పని చేసుకునేదాన్ని, చెట్ల గురించి నాకు తెలిసింది తక్కువ. ఏం రాయమంటారు?

గాజువాక_బుల్లెట్
31 ఏడాకుల పాలా! నవంబరులో మీ వీధిలో కిటికీలు తీస్తారా అండీ?

నీలిమ_ఎంవీపీ
తీయం. సాయంత్రం ఏడు దాటితే ఆ వాసనకి తల తిరుగుతుంది.

ఉప్పుగాలి
మా లాసన్స్ బే వైపూ అంతే. పూత కాలం వచ్చిందంటే మా బాబుకి దగ్గు. పూల వల్లేనని డాక్టరు తేల్చి చెప్పలేదు కానీ, ఆ రెండు నెలలు మాకు టెన్షనే. నన్నడిగితే ఉన్నవి కూడా కొట్టించేయాలి.

బోటనీ_మాస్టారు
కొట్టించే మాట తర్వాత చూద్దాం. ముందు ఆ చెట్టు తప్పేమీ లేదని చెప్పాలి. అది మన దేశపు చెట్టే, సప్తపర్ణి అంటే అదే. పశ్చిమ బెంగాల్ రాష్ట్ర వృక్షం. శాంతినికేతన్‌లో విశ్వభారతి స్నాతకోత్సవంలో ఒకప్పుడు పట్టాతో పాటు దీని ఆకుల రెమ్మ చేతికిచ్చేవారు. పూర్వం దీని చెక్కతో పిల్లలకు పలకలు చేసేవారు, శాస్త్రీయ నామంలో ‘స్కాలరిస్’ అన్న మాట అందుకే వచ్చింది. మా సొంతూరు గుడి వెనక ఒక్కటంటే ఒక్కటి ఉండేది. కార్తీక మాసంలో ఎక్కడినుంచో గాలికి ఆ వాసన తేలి వస్తే ప్రాణం లేచొచ్చేది. అర ఎకరంలో 31 పెడితే ఏ మంచి వాసనైనా బాధే అవుతుంది.

బెంగ నాకు వాసన గురించి కాదు. ఒకే రకం చెట్లకి ఒకే తెగులు, ఒకే పురుగు, ఒకే బలహీనత. ఒకదానికి వచ్చిందంటే వరసంతా పోతుంది. అమెరికాలో ఊళ్లకు ఊళ్లు వీధి పొడుగునా ఎల్మ్ చెట్లే నాటుకున్నారు. ఒక శిలీంధ్రం తెగులు వచ్చి అవన్నీ ఎండిపోయాయి. కొన్నిచోట్ల వాటి స్థానంలో యాష్ చెట్లు నాటారు. 2002లో మిషిగన్‌లో ఒక పచ్చ పురుగు కనబడింది, ఇక వాటి పనీ అంతే అయింది. 1990లో శాంటమూర్ అనే చెట్ల శాస్త్రవేత్త ఒక లెక్క చెప్పాడు: ఊళ్లో నాటే చెట్లలో ఒక జాతి నూటికి 10 దాటకూడదు, ఒక ప్రజాతి, అంటే దగ్గరి జాతుల గుంపు, 20 దాటకూడదు, ఒక కుటుంబం 30 దాటకూడదు. అదేమీ వేదవాక్కు కాదు, ఒక హద్దు అనుకోండి.

నీలిమగారూ, మీ 64కి ఆ లెక్క వేసి చూడండి. మీ దేవగన్నేరు, ఏడాకుల పాల ఒకే కుటుంబం. ఆకు తుంపితే రెండింటికీ పాలు కారతాయి. బాదం, కోనోకార్పస్ ఇంకో కుటుంబం.

నీలిమ_ఎంవీపీ
వేశానండీ. పాలు కారే కుటుంబమే 32, సరిగ్గా సగం పార్కు. బాదం, కోనోకార్పస్ కలిపి 17. అంటే 64లో 49 రెండే కుటుంబాలు. ఇది చూశాక మా అమ్మాయి నోటుబుక్కులో ‘మన పార్కులో రెండు పెద్ద ఉమ్మడి కుటుంబాలు ఉన్నాయి’ అని రాసుకుంది.

పనసపొట్టు
అమ్మాయికి నా తరఫున ఒక ముంజెల గెల.

మధురవాడ_కిరణ్
కోనోకార్పస్ సంగతి ఎవరూ ఎత్తరేం? గుజరాత్ ప్రభుత్వం 2023లో నిషేధించింది. చలికాలం పూత పుప్పొడితో జలుబు, దగ్గు, ఆస్తమా వస్తున్నాయని, వేళ్లు భూమి లోపలి కేబుళ్లని, మురుగు గొట్టాల్ని పాడు చేస్తున్నాయని అక్కడి అటవీ శాఖ చెప్పింది. తెలంగాణలోనూ నాటడం ఆపేశారు. ఇక్కడ ఇంకా గుంతలు తవ్వుతున్నారంటే బాధగా ఉంది.

కంచరపాలెం_అప్పారావు
బాధ సరే బాబూ, మా వీధిలో మండుటెండలో నీళ్లు పోసేవాడు లేకపోయినా బతికినవి అవే. వేప నాటాం, మేక తినేసింది. నేరేడు నాటాం, ఎవరో పీకేశారు. కోనోకార్పస్ నాటాం, ఈరోజు దాని నీడలో ఇస్త్రీ బండి నడుస్తోంది. నీడ ఇచ్చిన చెట్టుని నేను తిట్టలేను.

మధురవాడ_కిరణ్
అప్పారావుగారూ, నీళ్లు పోసేవాళ్లు లేకపోతే ఆ సంగతి మాట్లాడాలి. నీళ్లు అక్కర్లేని చెట్టుతో ఊరంతా నింపితే ఎలా?

కంచరపాలెం_అప్పారావు
మరి ట్రీ గార్డులకి, అదే మొక్క చుట్టూ పెట్టే కంచెలకి, డబ్బులు ఎవరిస్తారు, వేసవిలో ట్యాంకరు ఎవరు తెస్తారు? జాబితా రాసేటప్పుడు ఆ రెండూ కూడా రాయండమ్మా నీలిమా. లేకపోతే మీ 20 మొక్కలూ వచ్చే ఉగాదికి పుల్లలే.

నీలిమ_ఎంవీపీ
రాసుకున్నాను బాబాయ్. ఇది నాకు తట్టలేదు.

పెదవాల్తేరు_పాతకాపు
ఈ రెండు రకాలే ఎందుకు ఉన్నాయో కొత్తగా వచ్చినవాళ్లకి తెలియదు. 2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను మన ఊరి మీదుగానే తీరం దాటింది. గాలి గంటకు దాదాపు 180 కిలోమీటర్లు. మధ్యలో కాసేపు అంతా ఆగిపోయింది. అయిపోయిందనుకుని బయటికొచ్చాం. తర్వాత ఎదురు దిక్కు నుంచి మళ్లీ మొదలైంది. మొదటి గాలికి వేళ్లు వదులైన చెట్లు రెండో గాలికి నేల కూలాయి.

మర్నాడు తెల్లారి మేడ ఎక్కితే సముద్రం కనబడింది. అంతకుముందు ఇరవై ఏళ్లలో మా మేడ మీంచి సముద్రం ఎప్పుడూ కనబడలేదు, చెట్లు అడ్డం ఉండేవి. నిలబడ్డ చెట్లకి కూడా ఒక్క ఆకు లేదు. కొండలు నిప్పంటుకున్నట్టు గోధుమ రంగులో ఉన్నాయి. కాకులు కరెంటు తీగల మీద కూర్చుందామంటే తీగలూ లేవు.

మా వీధిలో పడినవి చెప్తాను: నిద్రగన్నేర్లు రెండు, పచ్చ తురాయిలు ఐదో ఆరో, ఆకాశమల్లెలు అన్నీ. నిలబడినవి: తాటిచెట్లు, సందు చివరి చింత, కొమ్మలు విరిగినా మొదలు కదలని రావి, బీచ్ వైపు పొన్న. నిద్రగన్నేరు పడ్డప్పుడు చూశాను, దాని వేళ్లతో పాటు సిమెంటు పలకలు పెద్ద మూతలా లేచాయి. చుట్టూ సిమెంటు పోసేస్తే పాపం దాని వేరు ఎటు పారుతుంది?

ఆ తర్వాత ఊరు బోడిగా ఉంటే చూడలేక తొందరగా పెరిగేవి ఏవి దొరికితే అవి నాటారు. ఆ తొందర నాకు తెలుసు. నేనూ మా గేటు ముందు రెండు ఏడాకుల పాల నాటాను, మూడేళ్లకే మేడ అందుకున్నాయి. ఆకలి మీద ఉన్నప్పుడు ఏది దొరికితే అది తింటాం, తప్పు లేదు. పదేళ్లు దాటినా రోజూ అదే తినక్కర్లేదు కదా.

ఉప్పుగాలి
ఆ రోజులు గుర్తొస్తే ఇప్పటికీ కడుపులో దేవినట్టవుతుంది. మాకు పాలు, నీళ్లు, కరెంటు ఏవీ లేవు, అయినా అమ్మ మాత్రం పడిపోయిన మునగచెట్టు దగ్గర కూర్చుని ఏడ్చింది.

పిగిలిపిట్ట
నీలిమగారూ, ఆ తెలియని చెట్టు గురించి రెండు ముక్కలు చెప్పండి. ఆకు ఎలా ఉంది, పువ్వు ఉందా?

నీలిమ_ఎంవీపీ
గేటుకి ఎడమవైపు మూలలో ఉంది. మరీ ఎత్తు కాదు, గుబురుగా ఉంటుంది. ఆకు రావి ఆకులా హృదయం ఆకారం.

గాజువాక_బుల్లెట్
రావే అయుంటుంది. పిట్ట వేసిన గింజ.

నీలిమ_ఎంవీపీ
రావి పక్కనే ఉంది, రెండూ పోల్చి చూశాం. రావి ఆకుకి చివర పొడుగ్గా తోక ఉంది, దీనికి లేదు. పువ్వు పసుపు, లోపల అడుగున ముదురు ఎరుపు మచ్చ. ఒక తమాషా చూశాం. పొద్దున పసుపుగా ఉన్న పువ్వు సాయంత్రానికి ఎర్రగా మారి వాడిపోయింది. మా అమ్మాయి రెండూ వేర్వేరు పూలని రాసి, తర్వాత కొట్టేసింది.

పెదవాల్తేరు_పాతకాపు
గంగరావి! ఆకు చుట్టి పీక ఊదేవాళ్లం. అమ్మాయికి నేర్పండి. ఆకుని బిగుతుగా గొట్టంలా చుట్టి, ఒక చివర కాస్త నొక్కి ఊదాలి. మా బడి దగ్గర రోడ్డంతా ఆ పీకల మోతే.

బోటనీ_మాస్టారు
గంగరావే, సందేహం లేదు. రావికీ దానికీ పేరులో తప్ప చుట్టరికం లేదు. అది పత్తి, మందార, బెండ కుటుంబం. పువ్వు చూస్తే బెండ పువ్వు గుర్తుకొస్తుంది. సముద్రపు ఒడ్డు చెట్టు, ఉప్పు గాలి దానికి లెక్క కాదు. మీ 64లో ఈ ఊరి నేలకి, గాలికి అన్నిటికన్నా సరిపోయిన చెట్టు బహుశా అదే.

నీలిమ_ఎంవీపీ
పార్కు ఊడ్చే పెద్దమ్మని అడిగాను. తుపాను ముందు నుంచీ ఉందట. "దాన్ని ఎవరూ నాటలేదు, ఎవరూ నరకలేదు" అంది.

సింహాచలం_సంపెంగ
మాది సింహాచలం అడవివరం. పొద్దున్నే మా కొండ సంపెంగలు బుట్టల్లో దిగుతుంటే దారంతా వాసన. పార్కులో ఒక్క సంపెంగ పెట్టించండి. పూజకి పువ్వు దొరుకుతుంది, పెద్దవాళ్లు పార్కుకి వస్తారు.

కడియం_కుర్రాడు
సంపెంగ పెట్టొచ్చు, కానీ సముద్రం గాలి నేరుగా కొట్టని చోట పెట్టాలి. భవనం చాటున, నీళ్లు నిలవని ఎర్రమట్టిలో. గింజ మొక్క పూతకి వచ్చేసరికి చాలా ఏళ్లు పడుతుంది, అంటు మొక్క తీసుకోండి.

పనసపొట్టు
నా ఓటు పనసకి. ఉత్తరాంధ్రలో పార్కు అన్నాక ఒక పనస లేకపోతే ఎలా. లేత కాయ కొట్టించి ఆవపెట్టి కాలనీ అంతటికీ పొట్టు కూర వండొచ్చు.

కంచరపాలెం_అప్పారావు
పనస పండితే ఈగలు, కాయ నెత్తి మీద పడితే ఆసుపత్రి. పిల్లలు ఆడే చోటండీ.

పనసపొట్టు
పనస కాయ చాలావరకు మొదలుకి, లావు కొమ్మలకి కాస్తుంది, చేతికందే ఎత్తులో కూడా. మా పొట్టు కూరకి లేతప్పుడే కోసేస్తాం, పండేదాకా ఎవరు ఆగుతారు?

లక్ష్మీ_అక్కయ్యపాలెం
అందరూ చెట్లు అంటున్నారు, ఆకులు ఎవరు ఎత్తుతారో చెప్పట్లేదు. మా అపార్ట్‌మెంట్ పక్క పార్కులో నేరేడు కొట్టేయమని నేనే అర్జీ పెట్టాను. జూన్ వస్తే స్కూటీ సీటు, చెప్పులు, ఆరేసిన బట్టలు అన్నీ ఊదా రంగు. ఏటా అదే గొడవ. నాకు చెట్లంటే ఇష్టమే, కానీ ఉతికేది నేనే.

పిగిలిపిట్ట
లక్ష్మిగారి బాధ నిజమే, నేరేడు పార్కింగ్ పక్కన పెట్టేది కాదు. పార్కు మధ్యలో, కింద మట్టి నేల ఉన్నచోట ఉంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు. పిల్లలు ఏరుకుంటారు, రాత్రి గబ్బిలాలు వస్తాయి, పొద్దున కోకిల వస్తుంది. నేను పదిహేనేళ్లుగా పిట్టలు చూస్తున్నాను. ఏడాకుల పాల కింద గంట కూర్చుంటే కాకి తప్ప ఏమీ కనబడని రోజులున్నాయి. మీ ఒక్క విరిగి చెట్టు కాయలు పండినప్పుడు పొద్దున ఆరింటికి వెళ్లి చూడండి, పిగిలిపిట్టలు, కోకిలలు, గోరింకలు వంతులేసుకుని తింటాయి.

పెదవాల్తేరు_పాతకాపు
విరిగి కాయల బంకతో గాలిపటాలు అంటించేవాళ్లం. మైదా ఉడికించడం ఎందుకు, కాయ నొక్కితే చాలు.

నీలిమ_ఎంవీపీ
లక్ష్మక్కా, ఆకుల సంగతి మా ఊడ్చే పెద్దమ్మనే అడిగాను. బాదం ఆకు పెద్దది, చేత్తో ఎత్తేస్తానంది. వేప మాఘ ఫాల్గుణాల్లో ఒక్క ఊపున రాలుతుంది, ఆ రెండు వారాలు కష్టమంది. అన్నిటికన్నా విసుగు తెప్పించేది తురాయి ఆకట, పొడిలా రాలుతుంది, చీపురుకి అందదు. ఒక మూల గుంత తవ్వి ఆకు వేసుకోనిస్తే బండి లాగే పని తప్పుతుందని కూడా చెప్పింది. ఆకు ఎరువు చేసే గుంత జాబితాలో మొదటి వరసలో రాశాను.

లక్ష్మీ_అక్కయ్యపాలెం
ఊడ్చే మనిషిని అడిగి రాస్తున్నావు చూడు, అది నచ్చింది నాకు.

మధురవాడ_కిరణ్
తురాయి మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. అది మడగాస్కర్ చెట్టు. నిద్రగన్నేరు అమెరికా నుంచి వచ్చింది. కొత్తవి 20 నాటేటప్పుడైనా పూర్తిగా మన దేశపు చెట్లే పెట్టండి.

ఉప్పుగాలి
తురాయి లేకుండా మే నెల ఏంటండీ? పదో తరగతి పరీక్షలు రాసి వస్తుంటే మా బడి ముందు రోడ్డంతా ఎర్రగా ఉండేది. పూరేకుల్లో మచ్చలున్న ఒక్క రేకు కోసం కొట్టుకునేవాళ్లం.

బోటనీ_మాస్టారు
కిరణ్ చెప్పిన దాంట్లో సారం ఉంది కానీ గీత మరీ గట్టిగా గీయలేం. మనం పులుసు లేకుండా బతకలేని చింత కూడా ఆఫ్రికా నుంచి వచ్చిందే, ఎప్పుడో వేల ఏళ్ల నాడు. జీడిమామిడి పోర్చుగీసువాళ్లు బ్రెజిల్ నుంచి తెచ్చారు. ఇవాళ పలాస పేరు చెప్తే జీడిపప్పే గుర్తొస్తుంది. నేను అడిగే ప్రశ్న వేరు: ఈ చెట్టు మీద ఎవరు బతుకుతున్నారు?

రేల చెట్టు ఆకు మీద లేత పసుపు సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి. మారేడు, కరివేపాకు మీద నలుపు పసుపు రెక్కలవి పెడతాయి. మేడి ఇంకా గొప్పది. మేడిపండు పొట్టలో పురుగులని మనం చిన్నప్పటి నుంచి ఏదో తప్పులా వింటున్నాం. ఆ పురుగులు కందిరీగ జాతి చిన్న ఈగలు. మేడి పూలు కాయ లోపలే ఉంటాయి. ఆ ఈగ లోపలికి దూరితేనే వాటికి పరాగం అందుతుంది, గింజ కడుతుంది. మేడి లేకపోతే ఈగ లేదు, ఈగ లేకపోతే మేడి గింజ లేదు. వేరే చెట్లకి కాయ లేని నెలల్లో కూడా మేడి, రావి, మర్రి పిట్టలకి తిండి పెడతాయి.

గాజువాక_బుల్లెట్
అయితే మర్రి పెట్టేద్దాం మాస్టారూ. ఊయల కూడా కట్టొచ్చు.

బోటనీ_మాస్టారు
కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను ఒక్కటే దాదాపు ఐదు ఎకరాలు కమ్ముకుంది. నీలిమగారి పార్కు అర ఎకరం. మిగిలిన నాలుగున్నర ఎకరాలు మీ గాజువాకలో చూపిస్తే పెట్టేద్దాం.

గాజువాక_బుల్లెట్
మా ఇంటి ముందు రెండు స్కూటర్లు పట్టే చోటు ఉంది. సరిపోదనుకుంటా.

నీలిమ_ఎంవీపీ
మా అశోక చెట్లు ఐదింటి గురించి ఎవరూ ఏమీ అనలేదు?

పిగిలిపిట్ట
సన్నగా పొడుగ్గా గోడ పక్కన వరసలో ఉన్నాయా? ఆకు అంచు అలల్లా ఉంటుందా?

నీలిమ_ఎంవీపీ
అవును.

పిగిలిపిట్ట
అవి నరమామిడి. అందరూ అశోక అనే పిలుస్తారు. అసలు అశోకానికి నారింజ ఎరుపు పూలు కొమ్మల మీదే గుత్తులుగా వస్తాయి, సీతమ్మ కూర్చున్నది దాని కింద. నరమామిడి పూలు ఆకుపచ్చగా ఉంటాయి, కనబడవు కూడా. కానీ దాని నల్లటి పళ్లకి గబ్బిలాలు వస్తాయి, పొద్దున కింద గింజలు పడుంటాయి చూడండి.

నీలిమ_ఎంవీపీ
గింజలు ఎవరు పారేస్తున్నారా అని మా వాచ్‌మన్ పిల్లల్ని తిట్టేవాడు!

కడియం_కుర్రాడు
రకాలు మీరు తేల్చుకోండి, నేను మొక్క కొనేటప్పుడు చూడాల్సింది చెప్తాను. పెద్ద మొక్క కావాలని ఏళ్ల తరబడి చిన్న సంచిలో ఉన్నది తీసుకోకండి. వేరు సంచి అడుగున చుట్టచుట్టుకుపోయి ఉంటుంది. నాటాక కూడా అది అలాగే తిరుగుతుంది, బయటికి పారదు. పదేళ్లు బాగానే పెరిగినట్టు కనబడి, పెద్ద గాలికి మొదలంటా ఒరిగిపోతుంది. పాతకాపుగారు చెప్పిన పడిపోయిన చెట్లలో అలాంటివీ ఉండుంటాయి. ఒకటి రెండు సంచులు కోసి చూపించమని అడగండి. మంచి నర్సరీవాడు కాదనడు. మూడడుగుల గుంత, మాగిన పశువుల ఎరువు, వర్షాలు ఉండగానే నాటడం. కర్ర కట్టండి, కానీ మరీ బిగించకండి. మొక్క గాలికి కాస్త ఊగితేనే మొదలు గట్టిపడుతుంది. కరెంటు తీగల కింద మాత్రం పారిజాతం లాంటి చిన్నవే. పెద్దవి పెడితే ఏటా కొమ్మలు నరికి మొండి చేస్తారు.

కంచరపాలెం_అప్పారావు
పొగడ గురించి ఏమంటావు తమ్ముడూ? మా అమ్మ ఎండిన పూలు బట్టల పెట్టెలో వేసేది, ఏడాదైనా వాసన పోదు.

కడియం_కుర్రాడు
బంగారం లాంటి చెట్టండీ. ఉప్పు గాలికి ఆగుతుంది, ఏడాది పొడుగునా ఆకు ఉంటుంది, చెక్క గట్టి. ఒకటే చిక్కు, నెమ్మది. మొదటి మూడేళ్లు అసలు పెరుగుతోందా అని అనుమానం వస్తుంది. అందుకే ఎవరూ నాటరు.

ఉప్పుగాలి
మూడేళ్లు ఆగలేమా? హుద్‌హుద్ అయి పదేళ్లు దాటిపోయింది, ఎలా గడిచాయో తెలియలేదు. అప్పుడు పొగడ పెట్టుంటే ఈపాటికి కింద కూర్చునేవాళ్లం.

మధురవాడ_కిరణ్
వేప కూడా ఇంకొన్ని కలపండి, మన రాష్ట్ర వృక్షం.

లక్ష్మీ_అక్కయ్యపాలెం
2021లో మా వీధి వేపలన్నీ కొసల నుంచి మాడిపోతే చచ్చిపోయాయనే అనుకున్నాం. మా అత్తగారు పసుపు నీళ్లు పోసి దణ్ణం పెట్టుకున్నారు. తర్వాత చిగురేశాయి.

బోటనీ_మాస్టారు
ఆ ఏడు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వేపలకి ఆ కొసమాడు తెగులు వచ్చింది. శిలీంధ్రం ఒకటి, దానికి తోడు రసం పీల్చే పురుగు. వేప గట్టిది కాబట్టి చాలావరకు కోలుకుంది. లక్ష్మిగారి వీధిలో ఉన్నవన్నీ వేపలే కాబట్టి ఆ కొన్ని నెలలు వీధంతా ఎండిపోయినట్టు కనబడింది. నీలిమగారి పార్కులో నాలుగు ఉన్నాయి, చాలు. కొత్తవి వేరే పెట్టండి.

ఉప్పుగాలి
ఉన్న 45 సంగతి ఎవరూ తేల్చలేదు. కోనోకార్పస్ అయినా కొట్టించరా?

పెదవాల్తేరు_పాతకాపు
కొట్టాలంటే వాల్టా చట్టం ఉంది, నీరు, భూమి, చెట్ల రక్షణకి తెచ్చింది, 2002 నుంచి. అనుమతి లేకుండా చెట్టు నరకకూడదు. అది అలా ఉంచండి. పెరిగిన 45 చెట్లు ఒక్కసారి తీసేస్తే ఆ పార్కు మళ్లీ హుద్‌హుద్ మర్నాడు ఉన్నట్టే ఉంటుంది. నేను అది రెండోసారి చూడలేను.

బోటనీ_మాస్టారు
నా మాటా అదే. ఉన్నవి ఉండనివ్వండి, కొత్తవి వాటి పక్కన నీడలో ఎదగనివ్వండి. ఏదైనా ఎండిపోతేనో విరిగిపోతేనో ఆ గుంతలో వేరే రకం పెట్టండి. ఉప్పుగాలిగారూ, బాబు దగ్గు విషయంలో మీ భయం నేను తీసిపారేయట్లేదు. ఇంటి కిటికీలకి ఆనుకున్న చెట్లుంటే, ముందు వాటికి కొమ్మలు తీయించుకోవడానికి అర్జీ పెట్టండి.

ఉప్పుగాలి
ఒప్పుకుంటున్నాను అని అనలేను మాస్టారూ. కానీ ఆలోచిస్తాను.

సింహాచలం_సంపెంగ
నీలిమా, ఆదివారం లోపల పెద్ద వాల్తేరులో రాణీ చంద్రమణీదేవి ఆసుపత్రి ఆవరణలో బయోడైవర్సిటీ పార్కు ఒకసారి చూసి రా. కొద్ది ఎకరాల్లోనే ఎన్ని రకాలు పట్టాయో కళ్లతో చూస్తే, సంఘంలో నీకు మాట తడబడదు.

నీలిమ_ఎంవీపీ
శనివారం వెళ్లొచ్చాం. మా అమ్మాయి నోటుబుక్కు నిండిపోయింది, రెండోది కొన్నాం.

ఈరోజు మీటింగు అయింది. రెండున్నర గంటలు. ఒకాయన రాయల్ పామ్‌లే పెట్టాలి, ఫొటోల్లో బాగుంటాయి అన్నారు. ఒకావిడ పాములొస్తాయి, అసలు చెట్లే వద్దు అన్నారు. నేను 64 లెక్క చదివాను. ‘రెండు ఉమ్మడి కుటుంబాలు’ దగ్గర అందరూ నవ్వారు, తర్వాత విన్నారు. చివరికి ఒప్పుకున్నది ఇదీ: పొగడ మూడు, గంగరావి మూడు, సముద్రం వైపు గోడకి పొన్న రెండు, రేల రెండు, తీగల కింద పారిజాతం రెండు. మేడి, మారేడు, ఉసిరి, పనస, సంపెంగ, అసలైన అశోక, ఎర్ర తురాయి ఒక్కొక్కటి. పార్కు మధ్యలో, మట్టి నేల మీద ఇంకో నేరేడు. మొత్తం 20. ఇప్పటిదాకా 11 రకాలు ఉన్న చోట 22 అవుతాయి.

ట్రీ గార్డులకి ఇంటికి ఇంత అని వేసుకున్నాం. వేసవి నీళ్లకి వీధి వారీగా వంతులు రాశాం, అప్పారావు బాబాయ్ మాట చెప్పే ఒప్పించాను. ఆకు గుంతకి కూడా సరే అన్నారు.

పనసపొట్టు
పనస ఉంది! పొట్టు కొట్టడానికి నేను వస్తాను.

కంచరపాలెం_అప్పారావు
వంతుల కాగితం నోటీసు బోర్డులో పెట్టమ్మా. మనసులో పెట్టుకుంటే ఎవరూ రారు.

మధురవాడ_కిరణ్
తురాయి ఒక్కటేగా, సరే, ఊరుకుంటాను.

కడియం_కుర్రాడు
గంగరావి మూడూ కొనకండి నీలిమగారూ. మీ చెట్టుదే బొటనవేలు లావు కొమ్మ, ముదిరింది, మోచేతి పొడుగున కోసి వాన తడి ఉన్న మట్టిలో గుచ్చండి. చాలా సులువుగా చిగురేస్తుంది. పన్నెండు గుచ్చితే మూడు ఎక్కడికి పోతాయి.

నీలిమ_ఎంవీపీ
ఈ సాయంత్రమే కోశాం. ఊడ్చే పెద్దమ్మే ఏ కొమ్మ తీయాలో చూపించింది. పన్నెండు పుల్లలు మా మేడ మీద పాత పెయింటు డబ్బాల్లో ఉన్నాయి. కోసిన కొమ్మల ఆకులు మా అమ్మాయి, వాచ్‌మన్ పిల్లలు కలిసి పీకలు చుట్టుకున్నారు. పాతకాపుగారూ, మోత మీకు అక్కడిదాకా వినబడుతుండాలి.

పెదవాల్తేరు_పాతకాపు
చివర ఇంకాస్త నొక్కమను, సన్నటి కూత వస్తుంది.